మున్షీ సాబ్ మీద నేను రాసిన కాగితం

పిల్లల చేతిరాత కుదరాలంటే ఇంట్లో ఏం చేయాలని ఇప్పటికీ నన్ను అడుగుతూనే ఉంటారు. బడుల్లో కొత్తగా చేరిన పంతులమ్మలు అడుగుతారు, వాళ్ళకంటే ఎక్కువగా తల్లులు అడుగుతారు. నేను చెప్పేది చాలా చిన్నది. రోజుకు పది నిమిషాలకు మించి రాయించకండి. వంకర అక్షరం మీద గీత కొట్టకండి. ఆ వరసలో బాగా కుదిరిన ఒక్కదాని చుట్టూ సున్న చుట్టండి, రేపు పిల్ల దాన్ని చూసే రాస్తుంది. కలాన్ని మరీ బిగించి పట్టుకుంటే, చివరి రెండు వేళ్ళ కింద అరచేతిలో ఒక చింతగింజ పెట్టి పట్టుకోమనండి. దాన్ని జారిపోకుండా చూసుకునే ధ్యాసలో కలం వదులవుతుంది.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటాను. చెప్పనిది ఒకటుంది. అక్షరాలు దిద్దించిన ఈ చేత్తోనే నేను ఒకసారి ఒక మనిషి నోటికాడి కూడు తీసేశాను. ఉద్యోగంలో ముప్పై ఏళ్ళకు పైగా ఉన్నదాన్ని, నన్ను మెచ్చుకున్న సంగతులూ ఉన్నాయి. అవి ఎవరైనా చెబుతారు. ఇది మాత్రం నేనే చెప్పాలి.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. మిర్యాలగూడ దగ్గరి పల్లెలో మా నాన్న చర్చి ఉపదేశి. నేను మిషన్ బడిలో చదివి, శిక్షణ పూర్తి చేసి, సూర్యాపేటలో ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పే పనిలో చేరాను. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిందని విన్నాం కానీ మాకు మాత్రం పాత రాజ్యమే. పై చదువంతా ఉర్దూలో, తెలుగు చిన్న తరగతులతో సరి. ఎవరు ఎవరి మనిషో తెలియని కాలం అది. బజారులో ఇద్దరు మాట్లాడుకుంటుంటే, మూడోవాడు దగ్గరికి వచ్చేసరికి మాట వానల మీదికి మళ్ళేది.

సాయంత్రం పూట నాలుగైదు ఇళ్ళకు వెళ్ళి పిల్లలచేత రాయించేదాన్ని. ఆ ఇళ్ళలోనూ నా మీద ఒక కన్ను ఉండేది. బట్టల వర్తకుడి తల్లి గడపలోనే నా సంచి విప్పించి చూసేది.

“గిండ్ల మీ ఏసు పుస్తకం లేదు గద?”

“లేదమ్మా. బలపాలే.”

“ఏమో తల్లీ, బలపాలతోనే మొదలువెడ్తరంట.”

వకీలు గారింట్లోనైతే వాళ్ళబ్బాయి పక్కన గుమస్తా ఒకాయన కూర్చునేవాడు, నేను అక్షరాలతోపాటు ఇంకేమైనా నేర్పుతున్నానేమో వినడానికి. పాపం, మూడు నెలల్లో ఆయన దస్తూరి బాగుపడింది.

ఊరి చివర గొల్లల ఇళ్ళున్నాయి. అక్కడి నుంచి ఒక తల్లి తన ఎనిమిదేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని తనే నా దగ్గరికి వచ్చింది. “నా బిడ్డకు గూడ రాయనేర్పు పంతులమ్మా. ఏ కాగితం మీద ఏమున్నదో తెల్వకుండనే ఏలిముద్రలేస్తున్నం” అంది. వాళ్ళింటికీ వెళ్ళేదాన్ని. నేను పిల్లచేత దిద్దిస్తున్నంత సేపూ ఆ తల్లి గోడవారన ఉన్ని వడుకుతూ ఉండేది. నా చూపంతా పిల్ల వేళ్ళ మీదే.

మరునాటికి రెండు వరసలు రాసి తెమ్మని కాగితం ఇచ్చేదాన్ని. ఆ పిల్ల తెచ్చే కాగితంలో మొదటి వరస గుండ్రంగా, కుదురుగా ఉండేది. రెండో వరస వంకర టింకర.

“మొదట అంత బాగా రాసి తరవాత ఇట్లా చెరుపుతావేం? ఓపిక లేదా నీకు?” అని కోప్పడేదాన్ని. పిల్ల నేల చూపులు చూసేది.

నా పిల్లల రాతలో ఒక గుర్తు ఉండేది. తలకట్టును అక్షరానికి అంటించకుండా గోరంత ఎడం ఇచ్చి రాయించేదాన్ని. అక్షరం వేరు, తలకట్టు వేరు అని పిల్లలకు తెలియాలని నా ఉద్దేశం. అట్లా రాసేవాళ్ళు ఊళ్ళో ఇంకెవరూ లేరని నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది. పిల్లలు తెచ్చిన కాగితాలన్నీ బడి బీరువాలో కట్ట కట్టి దాచేదాన్ని.

మా బడిలోనే ఉర్దూ చెప్పే మున్షీ సాబ్ ఉండేవారు. యాభై దాటిన మనిషి, పలచటి తెల్ల గడ్డం. తెలుగు కూడా చక్కగా చదివేవారు. అక్షరం అంటే ప్రాణం ఆయనకు. నా పిల్లలకు రెల్లు కలాలు చెక్కి ఇచ్చేవారు. “కలం మంచిగ లేకుంటే చెయ్యి మీద నింద ఎందుకు బేటీ?” అనేవారు. వాళ్ళు రాసిన కాగితాలు తెరిపిగా కూర్చుని చూసేవారు. అయితే ఆ ఇలాకా అమీను, అంటే పోలీసు అధికారి, ఆయనకు దూరపు చుట్టం. ఇద్దరూ హోటల్లో చాయ్ తాగుతుంటే నేను చూశాను. అది నా మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఒకరోజు మా పెద్ద పంతులమ్మ నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది. ఒక కాగితం నా ముందు పెట్టింది. పై అధికారికి ఎవరో పేరు లేకుండా పంపిన అర్జీ అది. విచారించమని అమీనుకు వచ్చిందట. అమీను దాన్ని బడికి పంపాడు.

“చూడు. ఈ తలకట్లు నీవి కావా?”

ప్రతి తలకట్టూ అక్షరానికి గోరంత ఎడంగా ఉంది. దగ్గరి పల్లె పటేలు తమ మందలోంచి పండగకొక గొర్రెను తోలుకుపోతున్నాడని, ఇదేమిటని అడిగిన మనిషిని స్తంభానికి కట్టి కొట్టించాడని, తమకు ‘నాయం’ కావాలని అందులో ఉంది. ఆ పటేలు అమీనుకు కావలసినవాడని ఊరందరికీ తెలుసు.

“రాసినవాళ్ళు దొరికితే వాళ్ళ చెయ్యి ఉండదు. నీకు తెలిస్తే చెప్పు. తెలియకపోతే తెలుసుకో” అందామె.

గొర్రె అన్న మాట చూడగానే గొల్లవాళ్ళింటి మీదికి మనసు పోలేదా అని మీరడుగుతారు. పోయింది. ఆ ఇంట్లో రాయడం వచ్చింది పిల్ల ఒక్కదానికే. పిల్ల అసలు రాత గుండ్రటిది. అర్జీలో అక్షరాలు తడబడుతూ, కుడికి ఒరిగిపోతూ ఉన్నాయి. పిల్ల రాసింది కాదని తేల్చుకున్నాను. ఇక మిగిలిన ఇళ్ళ మీద పడ్డాను. అర్జీలో న్యాయాన్ని ‘నాయం’ అని రాశారు కదా, అది పట్టుకుందామని ప్రతి ఇంట్లోనూ ఆ మాట చెప్పి రాయించాను. ప్రతి పిల్లా ‘నాయం’ అనే రాసింది. వకీలు గారి అబ్బాయి కూడా.

అప్పుడు ఇంకా పాడు పని చేశాను. ఆ గుర్తు ఎవరికీ దొరక్కూడదని, తలకట్టు అంటించి రాయండర్రా అని పిల్లలందరికీ చెప్పాను. నిన్నటిదాకా వద్దన్నది ఇవాళ ఎందుకో వాళ్ళకు అర్థం కాలేదు. కొందరు అంటించారు, కొందరు మానేశారు, ఒక పిల్ల అసలు తలకట్టే పెట్టడం మానేసింది. ఏడాది పాటు దిద్దిన రాతను నాలుగు రోజుల్లో నా నోటితోనే చెడగొట్టాను.

ఆ శనివారం మధ్యాహ్నం గొడుగు మరిచిపోయి బడికి తిరిగి వచ్చాను. మున్షీ సాబ్ నా బీరువా తెరిచి, పిల్లల కాగితాల కట్టను తన సంచిలో పెట్టుకుంటున్నారు. నేను గుమ్మం అవతలే ఆగిపోయాను. ఆయన నన్ను చూడలేదు. ‘ఏం చేస్తున్నారు మున్షీ సాబ్’ అని ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథే లేదు. అడగలేదు. గొడుగు కూడా తీసుకోకుండా వెనక్కి తిరిగాను.

సోమవారం అమీను బడికి వచ్చాడు. బల్ల మీద గుడ్డలో కట్టిన కాగితాల మూట ఒకటి పెట్టాడు. నా కళ్ళకు అవి నా పిల్లల కాగితాలే.

“అర్జీ రాసింది ఎవరు?”

“నాకు తెలియదండి.”

“మీరు చెప్పకుంటే ఏంది? మాకు చెప్పేటోళ్ళు ఉన్నరు” అని వరండా చివర మున్షీ సాబ్ గది వైపు చూశాడు. అట్లా చూశాడని అప్పట్లో నమ్మాను. ఇప్పుడు తలుచుకుంటే అటు చూశాడో, ఆ పక్కనున్న కిటికీలోంచి బయటికి చూశాడో చెప్పలేను.

అంతటితో అర్జీ ఊసు ఎవరూ ఎత్తలేదు. వారం తిరక్కుండా నన్ను కోదాడకు బదిలీ చేశారు. కారణం రాయలేదు. బస్సు దగ్గరికి మున్షీ సాబ్ వచ్చారు, కొత్తగా చెక్కిన కలాలు నాలుగు గుడ్డలో చుట్టి తెచ్చారు. నేను చెయ్యి చాపలేదు.

“కోదాడ మంచి ఊరు బేటీ. గాడ జర నిమ్మలంగ ఉండు. ఎవరితోటి ఏం మాట్లాడకు” అన్నారు.

పెద్దవాడి హెచ్చరిక అది. నాకు బెదిరింపులా వినిపించింది.

కోదాడ అప్పట్లో రెండు రాజ్యాల అంచు. మూటలు నెత్తిన పెట్టుకుని జనం అవతలికి పోతూ ఉండేవారు. ఎవరు ఎందుకు పోతున్నారో ఎవరూ అడిగేవారు కాదు. “మా పిల్లకి కాస్త రాత కుదిర్చి పెట్టండి పంతులమ్మగారూ” అని ఇళ్ళవాళ్ళు అడిగితే తలనొప్పి అని చెప్పేదాన్ని. ఏ ఇంటి గడపా తొక్కలేదు. మా నాన్నకు రాసే ఉత్తరాల్లో కూడా తలకట్లు అంటించి రాశాను. నన్ను ఇక్కడికి తరిమినవాడు మున్షీ సాబ్ అని రోజుకొకసారైనా అనుకునేదాన్ని. అట్లా అనుకుని అనుకుని అది నేను కళ్ళారా చూసిన సంగతిలా గట్టిపడింది.

తరవాత రాజ్యం మారింది. సర్కారు మారింది కానీ అనుమానం మారలేదు, మనుషులు మాత్రం అటువాళ్ళు ఇటయ్యారు. నిన్నటిదాకా ఎవరిని చూసి భయపడ్డారో వాళ్ళే ఇప్పుడు తలుపులు వేసుకుని కూర్చున్నారు. పాత ఉద్యోగుల్లో ఎవరెవరు జనాన్ని పట్టించారో విచారించడానికి ఒక ఆఫీసరు వచ్చాడు. కోస్తా వైపు మనిషి, మర్యాదస్తుడు. నన్ను పిలిపించి కుర్చీ వేయించాడు.

“సూర్యాపేటలో మీకేదో అన్యాయం జరిగిందని విన్నానండీ. మీకు తెలిసింది రాసివ్వండి.”

రాశాను. మున్షీ సాబ్ నా బీరువాలోంచి పిల్లల కాగితాలు తీశారని, వాటిని ఠాణాకు అందించారని నా అనుమానం అని రాశాను. ఆయన చదివి కాగితం నా వైపు తోశాడు.

“అనుమానం అంటే కాగితం మీద నిలవదమ్మా. ఇచ్చాడా, ఇవ్వలేదా?”

బీరువాలోంచి తీయడం చూశాను. ఇవ్వడం చూడలేదు. రెంటికీ మధ్య ఉన్న దూరం నాకు తెలుసు. కలం చేతిలో పట్టుకుని కొంచెం సేపు కూర్చున్నాను. వద్దు, నేను చూడలేదు అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆఫీసరు గోడ మీది గడియారం చూశాడు. ‘నా అనుమానం’ అన్నది కొట్టేసి, పైన ‘అందించారు’ అని రాసి సంతకం పెట్టాను. అంత కుదురుగా నా జీవితంలో ఇంకేదీ రాయలేదేమో.

మున్షీ సాబ్‌ను ఉద్యోగంలోంచి తీసేశారని రెండు నెలలకు తెలిసింది. ఆ పూట నాకు సంతోషం కలిగింది. దాచడం ఎందుకు?

మరుసటి సంవత్సరం నన్ను మిర్యాలగూడ బడికి వేశారు. మా ఊరు దగ్గర, తెలిసినవాళ్ళున్నారు, మనసు కొంచెం కుదుటపడింది. ఎండాకాలంలో ఒక అంగడి రోజు గొంగళ్ళు అమ్మే చోట ఒకామె నా చెయ్యి పట్టుకుంది. గొల్లవాళ్ళ పిల్ల తల్లి. మందను కృష్ణ ఒడ్డుకు మేపుకు తోలుకుపోతూ అక్కడ ఆగారట.

“పంతులమ్మా, నిన్ను ఎన్ని దినాలకు సూస్తిని! నా వల్లనే గద నిన్ను ఊరు దాటించిండ్రు” అని కళ్ళు తుడుచుకుంది.

“నీ వల్లనా?”

“గా అర్జీ నేనే రాసిన. కొట్టింది నా మొగన్నే.”

“నీకు రాయడం ఎక్కడిది?”

“నువ్వు నేర్పినవే గద. నా బిడ్డకు జెప్తుంటె నేనూ ఇనేది, సూసేది. నువ్వు రెండు వరసలు రాయమని ఇస్తవు. మీది వరస బిడ్డ రాసేది, కింది వరస నేను రాసేది. నువ్వు బిడ్డను తిడ్తివని అది ఇంటికొచ్చి ఏడ్సేది. అమ్మా, నీ రాతకు నేను తిట్లు తినాల్నా అనేది.”

గొంగళ్ళ కుప్ప మీదే కూర్చున్నాను. నెలల తరబడి ఆ రెండు వరసలూ చూసి, రెండు చేతులని పోల్చుకోలేకపోయాను.

ఆమె ఇంకా చెబుతూనే ఉంది. “మున్షీ సాబ్ పోల్చిండమ్మా. అమీను ఆయనకు అర్జీ సూపిచ్చిండంట. సూడంగనే ఇది మా ఇంటి కాగితంల రెండో వరస అని తెల్సిందంట. ఇది ఈ ఊరి రాత కాదు, అంచు దాటొచ్చిన మొగోడెవడో రాసిండు అని అమీనుకు జెప్పిండంట. తెల్లారి మా ఇంటికొచ్చిండు. సంచిల కట్ట తీసి మా పొయ్యిల పెట్టిండు. నీ పిల్లల కాగితాలే. ఒక్కటి మిగలకుండ కాలేదాక పొయ్యి కాడనే కూసున్నడు. బిడ్డా, కొన్ని దినాలు రాయకు, కాని మర్సిపోకు అన్నడు.”

“ఇదంతా నాకెందుకు చెప్పలేదు మీరు?”

“నీకు తెల్వకుంటనే మంచిదన్నడు. పంతులమ్మకు అబద్ధం జెప్పుడు రాదు, మొకం పట్టిస్తది అన్నడు.”

ఆయన ఎక్కడున్నారో కూడా ఆమే చెప్పింది. మిర్యాలగూడలోనే, అంగడి వెనక సందులో, కూతురి ఇంట్లో. నేను ఆ ఊళ్ళో నాలుగు నెలలుగా ఉంటున్నాను.

ఆ సందులోకి వెళ్ళడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆయన వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నారు. మనిషి సగమయ్యారు. నన్ను చూసి లేవబోయారు. లేవవద్దని, నిలబడే చెప్పేశాను.

“మీ మీద కాగితం రాసింది నేనే మున్షీ సాబ్.”

“మాలూమ్ బేటీ.”

“ఎవరు చెప్పారు?”

“పేరు మీద చెయ్యి అడ్డం పెట్టి ఆఫీసరు సాబ్ సూపిచ్చిండు. పేరు దాస్తె ఏంది? నీ దస్తూరి నేను గుర్తువట్టనా?” అని నవ్వబోయారు, దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక మెల్లగా అన్నారు: “అండ్ల ఒక మాట కొట్టేసి ఉండె. ఆ కొట్టేసింది గూడ సదివిన. గప్పుడు అనుకున్న, పిల్ల ఊరికె రాయలే, జరసేపు ఆగింది అని.”

ఆయన తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. ఆ మాటకు తట్టుకోలేకపోయాను.

మరునాడే సెలవు పెట్టి ఆ ఆఫీసరు దగ్గరికి వెళ్ళాను. నేను రాసింది తప్పని, అసలు జరిగింది ఇదని మూడు పేజీలు రాసిచ్చాను. ఆయన చదివి నన్ను ఎగాదిగా చూశాడు.

“వాళ్ళు మిమ్మల్ని బెదిరించారా?”

“లేదండి.”

“మరి ఏమైనా ఆశ పెట్టారా?”

ఒక మనిషిని ముంచడానికి నా ఒక్క వాక్యం చాలింది. తేల్చడానికి మూడు పేజీలు చాలలేదు. మూడుసార్లు తిరిగాను. మూడోసారి ఆయన విసుక్కుని, “మీ మొదటి కాగితం స్పష్టంగా ఉందమ్మా. దీంట్లోనే కొట్టివేతలు ఎక్కువ” అన్నాడు. మున్షీ సాబ్‌కు ఉద్యోగం తిరిగి రాలేదు. అమీను కూడా ఎక్కడికో వెళ్ళిపోయాడు. నిజం చెప్పగలిగినవాళ్ళు ఇద్దరు, నేనూ, ఆ గొల్లామే. మా ఇద్దరి మాటా ఎవరికీ పనికిరాలేదు.

ఆ సంగతి చెప్పడానికి మళ్ళీ ఆ సందుకు వెళ్ళాను. విని మున్షీ సాబ్ తల ఊపారు. “పోనియ్ బేటీ. ఇగ ఉర్దూ సదివితె నౌకరి రాదంటున్నరు. నా మనుమరాలికి తెలుగు రాయనేర్పుతవా?” అన్నారు.

అప్పుడు లోపలి నుంచి ఆయన కూతురు గుమ్మంలోకి వచ్చింది. నా వయసుదే. చంకలో బిడ్డ ఉంది.

“మా అబ్బా నిన్ను మాఫ్ చేసిండు. నేను చెయ్యలే. నేర్పాలంటె వాకిట్ల కూసొని నేర్పు. నా ఇంట్ల అడుగువెట్టకు” అంది.

“అట్లాగే” అన్నాను.

మిర్యాలగూడలో ఉన్న రెండేళ్ళూ ఆ వాకిటికి వెళ్ళాను. వానైతే చూరు కింద, ఎండైతే గోడ నీడన. పిల్ల చురుకైనది, ఆరు నెలల్లో రాత కుదిరింది. మొదటి ఏడాది చివర్లో మున్షీ సాబ్ పోయారు. మర్నాటి నుంచి వెళ్ళాలా వద్దా అని చాలా ఆలోచించి, నలభై రోజులు ఆగి మళ్ళీ వెళ్ళాను. ఆయన కూతురు రమ్మనలేదు, పొమ్మనలేదు. ఆ రెండేళ్ళలో ఆమె నాతో ఇంకొక్క మాట మాట్లాడలేదు. కానీ నేను వెళ్ళేసరికి ప్రతిరోజూ వాకిట్లో చాప పరిచి ఉండేది. ఎవరు పరిచారని నేను అడగలేదు.